కండలో పురుగు: బేరానికి బెడద

దెందులూరు: జాతీయ రహదారి మీద ఐసు లారీలు తిరిగే యీ ప్రాంతంలో చేపల వర్తకమంటే ముందుగా చెరువు సరుకే. కొల్లేటి గ్రామాల నుంచి బొచ్చె, శీలావతి హౌరాకు, ఈశాన్య రాష్ట్రాలకు ఎగుమతి అవుతాయి. సముద్రపు సరుకు ఎదురుదిశలో రేవుల నుంచి ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు వస్తుంది. వంజరం కొనే వర్తకుడు మొప్ప ఎత్తి చూస్తాడు, కన్ను చూస్తాడు, వాసన చూస్తాడు. కండలో వున్నది మాత్రం కోసేదాకా తెలియదు. చిక్కంతా అక్కడే.

కోసినప్పుడు బియ్యపు గింజల్లాంటి తెల్లని తిత్తులు కనబడితే అవి చాలావరకు ఒక జాతి బద్దెపురుగు పిల్లలు. ఆ పురుగు పెరిగి పెద్దయ్యేది సొర, టేకు చేపల పేగులలోనే, మనిషిలో స్థిరపడదు. ఉడికిన ముక్కతో హాని లేదు. అయితే గింజను చూసిన గృహిణికి యీ సంగతి చెప్పి ఒప్పించడం ఏ చిల్లర వర్తకుడి తరమూ కాదు. ముక్క వాపసు వస్తుంది, నష్టం అమ్మినవాడి మీద పడుతుంది.

అంతకన్నా ఖరీదైనది కంటికి ఆనని కుడోవా. చేప బ్రతికి వున్నంతకాలం కండ గట్టిగానే వుంటుంది. చచ్చిన తరువాత ఆ సూక్ష్మజీవి విడిచే ఎంజైము కండను కరిగించి ముద్ద చేస్తుంది. ఐసు దానిని నెమ్మదింపజేస్తుందే గాని ఆపదు. ఐసు చాలలేదని లారీవాడిని నిందించడం పరిపాటి. అన్నిసార్లూ తప్పు అతనిది కాదు. ఐసు లోపమైతే పెట్టె మొత్తం మెత్తబడి వాసన వేస్తుంది. వాసన లేకుండా, గట్టి చేపల నడుమ ఒకటి రెండు మాత్రమే వేలు దిగబడేంత మెత్తగా వుంటే కుడోవాను అనుమానించాలి. అటువంటి సరుకును గడ్డకట్టించి దాచినా పోయిన బిగువు తిరిగి రాదు.

మనిషికి నిజంగా కీడు చేసేది అనిసాకిస్ అనే ఏలికపాము. చేప పొట్టలో వుండే దీని పిల్లలు చేప చచ్చాక కొన్ని కండలోకి జరుగుతాయి. కనుక పట్టిన వెంటనే పొట్ట తీసి ఐసులో వేసిన సరుకు మేలు. పచ్చిగా, అరకొరగా ఊరవేసి హెర్రింగ్ తినే నెదర్లాండ్స్‌లో జబ్బులు రాగా, 1968లో ఆ చేపను ముందుగా గడ్డకట్టించాలని చట్టం చేశారు. 1987లో పశ్చిమ జర్మనీలో చేపల పురుగులను ఒక టెలివిజన్ కార్యక్రమం చూపించగా అక్కడి చేపల అమ్మకాలు కుప్పకూలాయి. పచ్చిగా తినబోయే సముద్రపు చేపను మైనస్ 20 డిగ్రీలలో కనీసం 24 గంటలు వుంచాలని ఐరోపా నిబంధన. మన పులుసులో బాగా ఉడికిన ముక్కలో ఏ పురుగూ బ్రతకదు. కాని ఎగుమతిదారుకు ఆ జవాబు పనికిరాదు.

భయం బేరాన్ని ఎలా చెడగొడుతుందో కొల్లేటి వర్తకులకు కొత్త కాదు. 1988లో ఈశాన్య రాష్ట్రాలలో కనబడిన పుండ్ల వ్యాధి తరువాత ఆంధ్రకూ వచ్చింది. బూజు వంటి జీవి కండలోకి దిగి కొర్రమీను వంటి చేపలను పుండ్లు చేసింది. మనుషులకు అంటేది కాకపోయినా, ఆ పుండ్లు చూసినవారు మంచి చేపనూ ముట్టలేదు.

నేటి చెరువులలో తరచు కనబడేది చేప పేను. శీలావతిని ఎక్కువగా పట్టి పొలుసు మీద ఎర్రమచ్చలు చేస్తుంది. ఇది పైపై బెడద. కండలో గూడు కట్టదు. అయినా మచ్చ చూడగానే కొనుగోలుదారు ధర తగ్గించి అడుగుతాడు. అటువంటప్పుడు ఒక చేపను అతని ఎదుటే కోసి కండ చూపించడం అమ్మేవానికి లాభం. సముద్రపు పెట్టె విషయంలో కోయమని అడగవలసినది కొనేవాడు, అదీ ధర తేలకముందే.