డెబ్బై రూపాయల రేడియోలో దాగిన శ్రుతి

ఐదు వాల్వుల రేడియోను డెబ్బై రూపాయలకే చేసి ఇవ్వగలనని కోయంబత్తూరు జి.డి. నాయుడు 1941లో ప్రకటించారు. అప్పటికే ఆయన చేతుల మీదుగా ఎన్నో పనులు నడిచాయి. 1920లో పొల్లాచ్చి–పళని దారిలో ఒక్క బస్సుతో యునైటెడ్ మోటార్ సర్వీసును మొదలుపెట్టారు. 1937లో పీలమేడులో డి. బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలో తొలి స్వదేశీ విద్యుత్ మోటారును తయారుచేశారు. వీటి పక్కన రేడియో సంగతి చిన్నదిగా కనిపించవచ్చు. కానీ ఐదు వాల్వుల రేడియో వెనక అట్ట విప్పి చూస్తే, సగం సంగీత వాద్యం అక్కడే తయారుగా ఉంటుంది. ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె, థెరమిన్, సింథసైజరు, నేటి విద్యార్థులు బ్రెడ్‌బోర్డు మీద కట్టుకునే చిన్న నాదయంత్రం, వీటన్నిటికీ మూలమైన ఆసిలేటరు ఆ రేడియో మొదటి వాల్వులోనే ఉంది.

ఆ కాలపు ఇంటి రేడియోలో ఐదు వాల్వుల పని పంపకం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఒకటి ఇంటి కరెంటును ఒకే దిశకు మళ్లిస్తుంది. ఒకటి స్పీకరును కదిలించేంత బలం ఇస్తుంది. ఒకటి రేడియో తరంగం నుంచి మాటనూ పాటనూ విడదీస్తుంది. ఇంకొకటి బలహీనమైన సంకేతాన్ని పెంచుతుంది. అసలు తెలివి మొదటి వాల్వుది. కేంద్రం 700 కిలోహెర్ట్‌జుల మీద ప్రసారం చేస్తోందనుకుంటే, ఈ వాల్వు తనంతట తానే 1,155 కిలోహెర్ట్‌జుల తరంగాన్ని పుట్టించి ఆ రెంటినీ కలుపుతుంది. రెంటికీ తేడా 455. మీట తిప్పి 1,000 కిలోహెర్ట్‌జుల కేంద్రానికి వెళ్తే లోపలి తరంగం 1,455కు జరుగుతుంది, తేడా మళ్లీ 455. కేంద్రం ఏదైనా తర్వాతి వాల్వులకు అందేది అదే ఒక్క పౌనఃపున్యం కాబట్టి, వాటిని ఆ ఒక్కదానికే చక్కగా అమర్చి వదిలేయవచ్చు. అమెరికా సైన్యంలో పనిచేస్తూ ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1918లో ఈ పద్ధతిని రూపొందించారు. ఇదే ఆలోచన తమదని ఫ్రాన్సులో లూసియన్ లెవీ, జర్మనీలో వాల్టర్ షాట్కీ కూడా అన్నారు. పేటెంటు పోరులో ఆర్మ్‌స్ట్రాంగ్ తన హక్కుల్లో కొన్నింటిని లెవీకి వదులుకోవలసి వచ్చింది.

రెండు తరంగాలను కలిపితే వాటి తేడా ఎలా పుడుతుందన్నది పైకి కనిపించేంత తేలిక విషయం కాదు. రెండు శ్రుతిదండాలను పక్కపక్కనే మోగిస్తే, ఒకటి సెకనుకు 131 సార్లు, రెండోది 132 సార్లు కంపిస్తే, చెవికి ఒకే స్వరం వినిపిస్తూ సెకనుకోసారి ఉబ్బి తగ్గుతుంది. ఒకే దారిలో నడిచే ఇద్దరి అడుగులు కాసేపు కలిసి, మెల్లగా తప్పి, మళ్లీ కలిసినట్టే ఇది కూడా. పాఠ్యపుస్తకాలు వీటిని విస్పందనాలు అంటాయి. ఇక్కడ కొత్త తరంగం ఏదీ పుట్టలేదు, ఉన్న రెండూ కూడి తగ్గాయంతే. తేడా పౌనఃపున్యం విడిగా ఒక తరంగమై నిలవాలంటే ఆ రెండూ ఏదో ఒక వంకర దారిగుండా పోవాలి. అంటే, లోపలికి రెండింతలు పంపితే బయటికి సరిగ్గా రెండింతలు రాని భాగం ఏదైనా మధ్యలో ఉండాలి. రేడియో మొదటి వాల్వు ఆ పనే చేస్తుంది. డయోడు కూడా చేస్తుంది. రెసిస్టర్ల ద్వారా కలిపితే కూడిక మాత్రమే జరుగుతుంది, డయోడు ద్వారా కలిపితే గుణకారం జరుగుతుంది. సింథసైజరు కట్టేవారు మొదట నేర్చుకోవలసిన తేడా ఇదే. చాలా పుస్తకాలు దీన్ని ఒక్క వాక్యంలో దాటేయడం విచారకరం.

ఈ గుణకారాన్ని నేరుగా వాద్యంగా మలచిన మనిషి రష్యా శాస్త్రవేత్త లెవ్ తెర్మెన్. 1920 ప్రాంతంలో పెట్రోగ్రాడ్ ప్రయోగశాలలో వాయువుల విద్యుత్ గుణాలను కొలిచే పరికరం మీద పనిచేస్తుండగా, చేయి దగ్గరికి వస్తే పరికరం కూత మారుతోందని ఆయన గమనించారు. అందులోంచి పుట్టినదే థెరమిన్. దాన్ని ఆయన 1922లో లెనిన్‌కు చూపించారు. అమెరికా పేటెంటు 1928లో వచ్చింది. చేతితో తాకకుండా గాలిలో చేయి ఆడిస్తే పాడే ఆ పెట్టెలో రెండు ఆసిలేటర్లు ఉంటాయి. ఒకటి కదలదు. రెండోదానికి ఒక లోహపు కడ్డీ తగిలించి ఉంటుంది. చేయి దగ్గరికి వచ్చేకొద్దీ కడ్డీకీ ఒంటికీ మధ్య విద్యుత్ నిల్వ కొద్దిగా పెరిగి రెండో ఆసిలేటరు కాస్త నెమ్మదిస్తుంది.

ఎంత కాస్త? ఆ రెండూ 1,70,000 హెర్ట్‌జుల దగ్గర కంపిస్తున్నాయనుకుందాం. చేయి కలిగించే మార్పు నూటికి 0.3 వంతు మాత్రమే అనుకుందాం. వినిపించే 500 హెర్ట్‌జుల స్వరంలో అంత మార్పు జరిగితే అది ఒకటిన్నర హెర్ట్‌జులే, మామూలు చెవి పట్టించుకోదు. కానీ 1,70,000లో 0.3 శాతం అంటే 510 హెర్ట్‌జులు. కదలని ఆసిలేటరుతో తేడా సున్నా నుంచి 510కి ఎగబాకుతుంది. చెవికి అందని చోట జరిగిన అతి చిన్న కదలిక చెవికి అందే చోట మొత్తం స్థాయి అవుతుంది. వాల్వు యుగం సంగీతానికి ఇచ్చిన అన్నింటిలో ఇంతకంటే అందమైన యుక్తి మరొకటి లేదు.

అయితే ఈ యుక్తే శ్రుతికి పనికిరాదు. గది వేడెక్కి ఒక ఆసిలేటరు వెయ్యింట ఒక వంతు జరిగిందంటే స్వరం 170 హెర్ట్‌జులు తప్పుతుంది. రెండూ ఒకేలా జరిగితే నష్టం లేదు కానీ అవి ఎప్పుడూ అచ్చంగా ఒకేలా జరగవు. కచేరీలో గాయకుడి వెనక నిలవాల్సిన షడ్జం అలా జారితే ఆ కచేరీ అక్కడితో సరి. అసలు జారని శ్రుతి కావాలంటే రాతిలో దొరుకుతుంది. నాయక రాజుల ఏలుబడిలో విస్తరించిన మధుర మీనాక్షి ఆలయంలో వేయి స్తంభాల మంటపం దగ్గర, ఒకే రాతిలోంచి తొలిచిన సన్నని సంగీత స్తంభాల గుత్తులున్నాయి. తడితే ఒక్కోటి ఒక్కో స్వరం పలుకుతుంది. రాయి కాబట్టి జారవు. కానీ శిల్పి ఉలి ఆగిన చోటే వాటి శ్రుతి ఆగిపోయింది, ఏ గాయకుడి కోసమూ అది మారదు. జారకూడదు, అడిగినప్పుడు మారాలి: శ్రుతి పెట్టె ముందున్న మొదటి కోరిక ఇది.

దీనికి అనువైన దారి తీసివేత కాదు, భాగాహారం. ఒక్కటే ఆసిలేటరును పెద్ద పౌనఃపున్యంలో నడిపి, లెక్కపెట్టే ఐసీలతో దాన్ని భాగిస్తారు. మూలం 3,144 హెర్ట్‌జులైతే, ప్రతి 24 కంపనాలకు ఒకటి చొప్పున బయటికి వదిలితే 131 వస్తుంది. అది తమిళనాట ఒకటి కట్టై అని, తెలుగునాట ఒకటి శ్రుతి అని చెప్పుకునే షడ్జం. 32కు ఒకటి వదిలితే 98.25, దాని మంద్ర పంచమం. 48కి ఒకటైతే 65.5, మంద్ర షడ్జం. మూలం వెయ్యింట ఒక వంతు జారినా మూడు స్వరాలూ వెయ్యింట ఒక వంతే జారతాయి, వాటి నిష్పత్తి మాత్రం చెక్కుచెదరదు. పియానోలో పంచమానికీ షడ్జానికీ నిష్పత్తి 1.4983 అయితే, ఇక్కడ కచ్చితంగా మూడుకు రెండు. ఒక్క మీట తిప్పితే తంబురా మొత్తం ఒకేసారి ఐదు శ్రుతికి ఎక్కుతుంది, బిరడలు తిప్పుకునే పని లేదు.

ఇంత కచ్చితంగా కట్టిన యంత్రం మాత్రం నిర్జీవంగా మోగుతుంది. మూడు స్వరాలూ ఒకే మూలం నుంచి రావడంతో వాటి అడుగులు ఎప్పటికీ తప్పవు, ఒకే ఆకారం సెకనుకు దాదాపు 33 సార్లు అలాగే తిరిగి వస్తుంది. తంబురాలో మధ్య తీగలు రెండూ షడ్జానికే బిగిస్తారు. ఎంత జాగ్రత్తగా బిగించినా వాటి మధ్య అర హెర్ట్‌జు తేడా మిగిలితే నాదం రెండు సెకన్లకోసారి ఉబ్బి తగ్గుతుంది. విస్పందనాలే దాని ఊపిరి.

తంబురాకు మరో రహస్యం కూడా ఉంది. దాని మీద సి.వి. రామన్ 1921లో భారతీయ తంత్రీ వాద్యాలపై రాసిన చిన్న వ్యాసం ఇప్పటికీ చదవదగినది. తీగను ఏ బిందువు దగ్గర మీటితే, ఆ బిందువు నిశ్చలంగా ఉండాల్సిన అనుస్వరాలు (మూల స్వరానికి రెండు, మూడు, నాలుగు రెట్ల పౌనఃపున్యంలో పలికే పై స్వరాలు) పలకకూడదన్నది శాస్త్రవేత్త యంగ్ చెప్పిన నియమం. తంబురా, వీణ ఆ నియమాన్ని పట్టించుకోవని, పలకకూడని అనుస్వరాలు వాటిలో బలంగా పలుకుతాయని రామన్ చూపించారు. వంపు తిరిగిన గుర్రం (తీగలను మోసే వంతెన) మీద తీగ తాకుతూ విడుతూ ఉండటమే దానికి కారణం. తంబురాలో గుర్రానికీ తీగకూ మధ్య పెట్టే నూలు పోగు ఆ తాకిడిని ఎక్కడ నిలపాలో నిర్ణయిస్తుంది. మీటిన వెంటనే శక్తి పై అనుస్వరాల్లోకి ఎక్కి, తర్వాత ఒక్కో మెట్టు దిగుతూ వస్తుంది. అందుకే ఎవరూ మీటని గాంధారం తంబురాలో వినిపిస్తుంది.

బెంగుళూరులో వేణువు వాయించే ఇంజినీరు జి. రాజ్ నారాయణ్ 1979లో రూపొందించిన ఎలక్ట్రానిక్ తంబురా దక్షిణాది వేదికలను మార్చేసింది. అవే కచేరీలు, తెలుగు కీర్తనలే ప్రధానమైన అవే పాఠాలు, కోయంబత్తూరు, మధురల ఇళ్లలో అవే ఉదయపు సాధనలు, అయితే పక్కన తంబురా వాయించే మనిషి లేకుండా. దీని వల్ల కొంత పోయింది కూడా. కానీ ఒంటరిగా సాధన చేసే పిల్లలకు తప్పని షడ్జం దొరకడం చిన్న లాభం కాదు.

చేత్తో కట్టుకునే వారి దారి ఇంకా సులువు. సీడీ 40106 అనే ఐసీలో ఆరు గేట్లుంటాయి. ఒక్కోదానికి ఒక రెసిస్టరు, ఒక కండెన్సరు తగిలిస్తే అది ఆసిలేటరు అయిపోతుంది. కండెన్సరు రెసిస్టరు గుండా నిండుతుంది. ఒక హద్దు దాటగానే గేటు తలకిందులై దాన్ని ఖాళీ చేయడం మొదలుపెడుతుంది. కింది హద్దుకు చేరగానే మళ్లీ తలకిందులవుతుంది. ఈ గేటులో పై హద్దు, కింది హద్దు వేరువేరుగా ఉండటమే కీలకం. హద్దు ఒక్కటే అయితే గేటు దాని దగ్గరే తటపటాయిస్తుంది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ మీద లక్ష ఓమ్‌ల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ కండెన్సరు పెడితే దాదాపు 120 హెర్ట్‌జులు వస్తాయి, అంటే ఒకటి శ్రుతికి కాస్త కింద. రెసిస్టరు చోట పాట్ (తిప్పి మార్చుకునే రెసిస్టరు) పెట్టి తిప్పితే షడ్జం పట్టుకోవచ్చు. రెండు గేట్లను షడ్జానికి, ఒకదాన్ని పంచమానికి, ఒకదాన్ని మంద్ర షడ్జానికి అమర్చి, ఒక్కోదాని నుంచి ఒక్కో రెసిస్టరుతో కలిపి చిన్న ఆంప్లిఫయరుకు ఇస్తే నాలుగు తీగలు సిద్ధం.

భాగాహారంతో కట్టిన పెట్టెలో లేని ప్రాణం ఇక్కడ అడగకుండానే వస్తుంది. నాలుగు ఆసిలేటర్లూ వేటికవే కొద్దికొద్దిగా జారుతుంటాయి, విస్పందనాలు ఎడతెగవు. గేటు ఇచ్చేది చదరపు తరంగం కాబట్టి దానిలో బేసి అనుస్వరాలు మాత్రమే ఉంటాయి: మూడోది పంచమం, ఐదోది గాంధారం. పైనున్న గరుకుదనాన్ని తగ్గించేందుకు వడపోత కావాలి. రాబర్ట్ మోగ్ ట్రాన్సిస్టర్ల మెట్లతో చేసిన వడపోతకు 1969లో పేటెంటు వచ్చింది. వోల్టేజీ తగ్గించేకొద్దీ అది పై అనుస్వరాలను ఒక్కొక్కటిగా మూసేస్తుంది, మూసే అంచు దగ్గర ఉన్న అనుస్వరాన్ని కాస్త ఎత్తి చూపిస్తుంది కూడా. ప్రతి మీటుకూ ఆ వోల్టేజీని పై నుంచి కిందికి జార్చితే, తంబురాలో అనుస్వరాలు మెట్లు దిగడానికి దగ్గరి ధ్వని పుడుతుంది. అచ్చంగా అది కాదు, కానీ చెవి ఒప్పుకుంటుంది. 40106 ఆసిలేటర్లలో రెంటిని 4070 ఐసీలోని గేటు గుండా పంపితే కూడిక గుణకారంగా మారి, గంట మోతలాంటి కొత్త స్వరాలు బయటికొస్తాయి.

మిగతా కథ వేగంగా నడిచింది. మోగ్ కుర్రతనంలో థెరమిన్లు కట్టి, 1954 నుంచి వాటినీ, ఇంట్లో కట్టుకునే కిట్లనూ అమ్మి, 1964లో సింథసైజరుకు చేరారు. అదే రోజుల్లో శాన్ ఫ్రాన్సిస్కోలో డాన్ బుక్లా, పియానో మెట్లు అక్కర్లేదంటూ మరో దారి పట్టారు. 1954 నాటి హిందీ చిత్రం నాగిన్‌లో కల్యాణ్‌జీ వాల్వుల క్లావియోలిన్ మీద పాము బూర వినిపించారు. 1969లో అహ్మదాబాద్ జాతీయ డిజైన్ సంస్థలో డేవిడ్ ట్యూడర్ మోగ్ యంత్రాన్ని నెలకొల్పగా, గీతా సారాభాయి మొదలైనవారు దాని మీద పనిచేశారు. 1995లో జర్మనీలో డైటర్ డోఫర్ చిన్న పలకల పద్ధతి తెచ్చాక, సింథసైజరును ముక్కముక్కగా కొనడం, కట్టుకోవడం ప్రపంచమంతా వ్యాపించింది. నికోలస్ కాలిన్స్ 2006లో రాసిన పుస్తకం 40106 లాంటి ఐసీలను వేలాది మంది విద్యార్థుల బల్లల మీదికి చేర్చింది.

ఇప్పటి చిన్న మైక్రోకంట్రోలరులో ఆసిలేటరు ఒక కూడిక మాత్రమే. సెకనుకు 44,100 సార్లు ఒక సంఖ్యకు మరో సంఖ్యను కలుపుతూ పోతారు. మొత్తం సుమారు 429 కోట్లు దాటగానే అది సున్నా దగ్గర మళ్లీ మొదలవుతుంది. ఒక్కో చుట్టు ఒక్కో కంపనం. 131 హెర్ట్‌జుల షడ్జానికి ప్రతిసారి కలపాల్సింది సుమారు 1,27,58,000. తంబురా రెండో తీగ కోసం ఆ సంఖ్యకు 48,700 చేర్చితే అర హెర్ట్‌జు తేడా పుడుతుంది. ఈ యంత్రం వేడికి జారదు కాబట్టి విస్పందనం కూడా గడియారంలా ఒకే వేగంతో నడుస్తుంది. అందుకని ప్రోగ్రాము రాసేవారు ఆ 48,700ను కొద్దిసేపటికోసారి కొద్దిగా పెంచుతూ తగ్గిస్తూ ఉండే మరో చిన్న లెక్కను దానికి జతచేస్తారు.