మిక్సీ ఆగిందా? అడుగున మీట చూడండి!

తిరుపతి: రాగిసంగటిలోకి చెనిక్కాయల ఊరిబిండి రుబ్బుతుండగా మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోతే మోటారు కాలిపోయిందని గృహిణులు కంగారుపడుతుంటారు. వెంటనే మరమ్మతు దుకాణానికి పరుగు తీయనవసరం లేదు. భారం ఎక్కువైతే మోటారు కాలకుండా విద్యుత్తును నిలిపివేసే 'ఓవర్‌లోడ్' మీట చాలా మిక్సీల అడుగున ఉంటుంది.

ముందుగా స్విచ్ ఆపి ప్లగ్ తీసేయాలి. జారులో సరుకు తగ్గించాలి. మోటారు చల్లారాక, పొడుచుకొచ్చిన మీటను లోపలికి నొక్కితే మిక్సీ మళ్లీ తిరుగుతుంది. మోటారు తిరుగుతున్నా బ్లేడు కదలకుంటే రబ్బరు కప్లర్ అరిగిందేమో చూసి, మార్చుకోవాలి. జారు అడుగున నీరు కారుతుంటే వాడరాదు. ఆ తడి మోటారులోకి దిగితే షాక్ కొట్టే ప్రమాదముంది.

కాలిన వాసన వచ్చినా, మీట పదేపదే పడిపోతున్నా మెకానిక్‌కు చూపించాల్సిందే. ఇళ్లకొచ్చే 230 వోల్టుల విద్యుత్తుతో చెలగాటం ప్రాణాంతకం.