మాత్ర వేళకు, రోజాకు మధ్య

షాబాన్ నెల సగం గడిచేసరికి మదర్సాకు వచ్చే మస్అలాల తీరు మారుతుంది. సికింద్రాబాదులోని పెద్దలు ఎక్కువగా అడిగే ప్రశ్న, మందులు వాడుతూ రోజా పాటించవచ్చా అనేది. చక్కెర వ్యాధిగ్రస్తుల విషయం తరచు చర్చకు వస్తూనే ఉంటుంది. పార్కిన్సన్స్ గురించి మాట్లాడేవారు తక్కువ. చేయి వణికినా, అడుగు తడబడినా ముసలితనమేనని సరిపెట్టుకునే ఇళ్లు నేటికీ ఉన్నాయి.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన ఈ వ్యాధిలో, మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశిస్తాయి. సిండోపా వంటి పేర్లతో దొరికే మాత్రలో లెవోడోపా, కార్బిడోపా ఉంటాయి. మొదటిది మెదడుకు చేరి డోపమైన్‌గా మారుతుంది. అది దారిలోనే ఖర్చయిపోకుండా రెండవది కాపాడుతుంది. ఈ మందు వ్యాధిని నయం చేయదు, లక్షణాలను అదుపులో ఉంచుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. లెవోడోపా రక్తంలో ఎక్కువసేపు నిలవదు, సుమారు గంటన్నరలో సగానికి తగ్గిపోతుంది. అందుకే రోజుకు మూడు నాలుగు సార్లు, వ్యాధి ముదిరినవారు అంతకంటే ఎక్కువసార్లు వేసుకోవలసి వస్తుంది. మన రోజా 12 గంటలకు పైగా ఉంటుంది. సహరీకి ఒకటి, ఇఫ్తార్‌కు ఒకటి చాలునని సొంతంగా నిర్ణయించుకున్నవారికి జుహర్ వేళకే కాళ్లు బిగుసుకుపోవచ్చు. పడితే తుంటి ఎముక విరగవచ్చు. పగటి మాత్రలను కూడా కలిపి సహరీకే మింగితే వాంతులు, తల తిరగడం, అదుపులేని కదలికలు కలుగుతాయి. మందును హఠాత్తుగా పూర్తిగా మానితే తీవ్రజ్వరం వచ్చి, కండరాలు కొయ్యబారి, ప్రాణం మీదికి రావచ్చు.

అల్ బఖరా సూరాలోని 184, 185 ఆయతులు వ్యాధిగ్రస్తునికి మినహాయింపునిచ్చాయి. కోలుకునే ఆశ ఉన్నవారు తర్వాత ఖజా చేస్తారు. ఆ ఆశ లేనివారు ఒక్కొక్క రోజాకు ఒక పేదవానికి అన్నం పెట్టి ఫిద్యా చెల్లిస్తారు. రోగి పరిస్థితిని నిర్ణయించడంలో నిపుణుడైన వైద్యుని మాటను హనఫీ ఫుఖహాలు ప్రమాణంగా తీసుకున్నారు. "నాకు ఓపిక ఉంది" అని నాన్నగారు అనడం వైద్యుని మాట కాదు. వ్యాధి తొలిదశలో ఉన్న కొందరికి మందుల వేళలు మార్చి రోజాకు అనుమతించడం సాధ్యం కావచ్చు. కాబట్టి చంద్రుడు కనిపించిన రాత్రి కాక, రజబ్ నెలలోనే గాంధీ ఆసుపత్రి న్యూరాలజీ విభాగానికో, తమను చూసే వైద్యుని వద్దకో వెళ్లాలి. ఫిద్యా చెల్లించవలసి వచ్చిందని కంటనీరు పెట్టుకునే పెద్దలున్నారు. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని స్వీకరించడం ఆయనకు ఇష్టమైన పని అని దైవప్రవక్త (స) తెలిపారు.

రోజా లేనివారు కూడా ఇఫ్తార్ దస్తర్ఖాన్ వద్ద కూర్చుంటారు, హలీం రుచి చూస్తారు. హలీంలో మాంసం, పప్పులు నిండుగా ఉంటాయి. మాంసకృత్తులు లెవోడోపాతో పోటీపడి దానిని శరీరంలోకి, మెదడులోకి చేరకుండా అడ్డుకుంటాయి. హలీం మానమని కాదు, మాత్రను భోజనానికి అరగంట ముందో, గంట తర్వాతో వేసుకోవాలి. ఇనుము మాత్రలకూ దీనికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉంచాలి.

వాంతి అయిందనో, తల తిరుగుతోందనో దుకాణంలో అడిగి తెచ్చుకునే మెటోక్లోప్రమైడ్, స్టెమెటిల్, సినారిజిన్ వంటివి డోపమైన్ పనికే అడ్డుపడి వ్యాధి లక్షణాలను పెంచుతాయి. దుకాణదారునికి ముందే పార్కిన్సన్స్ అని చెప్పాలి. హకీముల వద్ద దొరికే కౌంచ్ బీజ్, అంటే మన దూలగొండి గింజ, విషయం వేరు. అందులో సహజంగానే లెవోడోపా ఉంది. యూనానీని నేను గౌరవిస్తాను. కానీ వైద్యునికి చెప్పకుండా సిండోపాతో పాటు ఆ చూర్ణం తీసుకుంటే మోతాదు తెలియకుండా పెరిగిపోతుంది.

ఈ మందుల వల్ల లేచి నిలబడగానే రక్తపోటు పడిపోవచ్చు. సజ్దా నుంచి గబుక్కున లేవరాదు. నిలబడలేనివారు కూర్చుని నమాజు చేయవచ్చునని ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు దైవప్రవక్త (స) చెప్పిన విషయం తెలిసిందే.

ఇళ్లలో దాచిపెట్టే సంగతి మరొకటి ఉంది. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వాడే కొందరికి జూదం మీద, అనవసర కొనుగోళ్ల మీద అదుపులేని కోరిక పుడుతుంది. జీవితమంతా నిష్ఠగా గడిపిన పెద్దాయన అలా మారితే కుటుంబం సిగ్గుతో నోరు మెదపదు. అది ఆయన నడవడిలో లోపం కాదు, మందు ప్రభావం. వెంటనే వైద్యునికి చెప్పాలి. ఆయన మోతాదు తగ్గిస్తే సాధారణంగా అది సర్దుకుంటుంది. ఆ మందును ఇంట్లోవాళ్లే ఆపివేయకూడదు.