పాత జీపు - వదులైన స్టీరింగు

కళ్యాణదుర్గము నుండి రాయదుర్గము పోవు దారిలో ఇటీవల ఒకనాటి ఉదయము మేము ఒక మిత్రుని జీపులో ప్రయాణము చేసితిమి. ఆ జీపు ఆయన తండ్రిగారి కాలము నాటిది. వయస్సు ఏబది సంవత్సరములు దాటినది. ఇంజను చక్కగా పలుకుచున్నది. కాని మిత్రుడు స్టీరింగును క్షణమైనను నిలుపక కుడికి కొంత, ఎడమకు కొంత త్రిప్పుచునే యుండెను. ఇంతలో ఒక గొర్రెల మంద దారికి అడ్డము వచ్చినది. మిత్రుడు స్టీరింగు త్రిప్పెను. బండి వెంటనే తిరుగలేదు. తిరిగినప్పుడు కావలసినదానికంటె ఎక్కువ తిరిగినది. వేగము తక్కువగుటచే గొర్రెలు, కాపరి, మేము అందరము క్షేమముగా బయటపడితిమి. "పాత బండి కదా, ఈ మాత్రం లూజు ఉంటుంది" అని మిత్రుడు నవ్వెను. మాకు నవ్వు రాలేదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు సాగిపోవును. చేతికిని చక్రమునకును నడుమ అర సెకను ఆలస్యమైనను ఎనిమిది మీటర్ల దూరము మన అదుపు తప్పినట్లే. కావున ఈ వదులు ఎక్కడ పుట్టునో, దానిని ఎట్లు సరిచేయవలెనో తెలిసికొనుట పాత బండ్లు గల వారికందరికిని అవసరము.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో విల్లీస్ సంస్థ నిర్మించిన జీపులను 1947లో మహీంద్రా సంస్థ మన దేశమున కూర్చుట ప్రారంభించినది. తరువాత ఇక్కడనే తయారైన సి.జె. 3బి నమూనా జీపులు కొన్ని నేటికిని పల్లెలలో కనిపించుచున్నవి. వీని స్టీరింగు ఒక గొలుసు వంటిది. స్టీరింగు కడ్డీ చివర పెట్టెలో మరవలె గాడి తీసిన కామ్ ఒకటి ఉండును. ఆ గాడిలో రెండు మేకుల వంటి పిన్నులు గల మీట నడచును. ఆ మీట పెట్టె వెలుపల నున్న డ్రాప్ ఆర్మును, అది డ్రాగ్ లింకును, అది ముందు ఇరుసుపై నున్న బెల్ క్రాంకును, అది టై రాడ్డులను, అవి చక్రములను త్రిప్పును.

పూర్వము మన సీమలో కపిల తోలినవారికి ఇది సులభముగా బోధపడును. తాడు వదులుగా నున్నచో ఎద్దులు రెండడుగులు వేసినను బావిలోని బాన కదలదు. ఇక్కడను అంతే. ఒక్కొక్క కీలులో అరిగిన సందు వెంట్రుకవాసియే కావచ్చును. కాని అన్నియు కూడి చేతికి వచ్చుసరికి అది పెద్దదగును. చక్రము ఒక పాలు తిరుగుటకు స్టీరింగు పదిరెట్లకు మించి తిరుగవలెను గదా! కావున క్రింద పుట్టిన కొద్దిపాటి సందు పైన పదింతలై కనబడును.

మా మిత్రుడు కళ్యాణదుర్గములో తమకు పరిచయమైన మెకానిక్కు వద్దకు బండిని తీసికొనిపోయి, "పెట్టె మీది స్క్రూ కాస్త బిగించు" అనెను. ఆ వృద్ధుడు బిగింపలేదు. "రోగం కాళ్లలో ఉంటే తలకు కట్టు కడ్తారా సామీ?" అని తాను బండి క్రింద పడుకొని, మిత్రుని స్టీరింగు మెల్లగా అటు ఇటు ఊపుమనెను. తాను ఒక్కొక్క కీలుపై చేయి పెట్టి చూచెను. ఏ కీలులోనికి కదలిక పోయి, ఆవలి వైపునకు వెంటనే రాదో, అదియే అరిగిన కీలు. పరీక్షయంతయు ఈ ఒక్క సూత్రమున ఇమిడియున్నది.

తరువాత ముందు చక్రమును జాకీతో లేపి, టైరును పైనను క్రిందను పట్టుకొని ఊపెను. కదలిక ఉన్నచో మరియొకరిచే బ్రేకు త్రొక్కించవలెను. అప్పుడు కదలిక పోయినచో లోపము చక్రపు బేరింగులలో నున్నది. పోకున్నచో కింగ్ పిన్ను బేరింగులలో నున్నది. ముందు స్ప్రింగుల యు బోల్టులు వదులైనను ఇరుసే ప్రక్కకు జరుగును గనుక వానిని కూడ చూడవలెను.

ఇవి యన్నియు సరియైన పిమ్మటనే స్టీరింగు పెట్టె వంతు. డ్రాగ్ లింకును విడదీసి, ముందుగా కామ్ పైకి క్రిందికి ఆడకుండ షిమ్ములను సరిచేయవలెను. తరువాత స్టీరింగును సరిగా నడిమి స్థానమున నుంచి, ప్రక్క మూతపై నున్న స్క్రూను స్వల్పముగా పట్టు తగులు వరకు మాత్రమే బిగింపవలెను. బండి అధికముగా తిన్నగా పోవును గనుక కామ్ గాడి నడుమనే ఎక్కువ అరుగును. ఆ అరుగుదలను బిగింపుతో కప్పిపుచ్చినచో, మలుపులో పిన్నులు పట్టివేయును. స్టీరింగు తనంతట తాను తిన్ననికి రాదు. వదులైన స్టీరింగు కంటె బిగిసిపోవు స్టీరింగు మరింత అపాయకరము. అట్లు పట్టినచో కామ్ మార్చుటయే మార్గము. అరిగిన భాగముపై వెల్డింగు పోయుటయు తగదు. ఆ వేడికి ఉక్కు తన గట్టితనమును కోల్పోవును.

మా మిత్రుని జీపులో పెట్టె బాగుగనే యున్నది! బెల్ క్రాంకు పిన్ను ఒక ప్రక్క అరిగి కోలగా మారినది. టై రాడ్డుల చివరలు రెండు వదులైనవి. పిన్నును దాని బేరింగులతో సహా మార్చిరి. చివరలు కూడ మార్చి, ముందు చక్రముల దూరమును కొలిచిరి. చక్రముల ముందు అంచులు వెనుక అంచుల కంటె సుమారు 1 నుండి 2.5 మిల్లీమీటర్లు దగ్గరగా నుండవలెను.

అరుగుదలకు కారణమేమని అడుగగా, మెకానిక్కు పాత పిన్నును మా చేతిలో పెట్టెను. గ్రీజు ఎండిపోయి ఎఱ్ఱమన్నుతో కలసి ఆకురాయివలె నైనది. వానలు తక్కువైన ఈ మెట్టసీమలో దుమ్ము ఏడాది పొడవునను లేచుచునే యుండును. కావున ప్రతి 1,600 కిలోమీటర్లకు ఒకసారి కీళ్లకు గ్రీజు పెట్టుమని చెప్పిన పాత నియమమును ఇక్కడ ఇంకను ముందుగానే పాటించుట మేలు. పాత మురికి వెలికివచ్చి క్రొత్త గ్రీజు కనబడు వరకు గన్నుతో ఎక్కింపవలెను. స్టీరింగు పెట్టెలో మాత్రము గేరు నూనెయే పోయవలెను. కారుచున్నదని గ్రీజు కూరినచో అది ప్రక్కలకు అంటుకొనిపోయి గాడికి తడి అందదు.

ఏబది సంవత్సరములు దాటిన వ్యక్తిగత వాహనములను వింటేజి వాహనములుగా నమోదు చేయుటకు 2021లో కేంద్రప్రభుత్వము నిబంధనలు చేసినది. పెద్దల గుర్తుగా ఇట్టి బండిని నిలుపుకొనదలచిన వారు రంగు పూయించుటకు ముందు స్టీరింగు క్రింద ఒక్కసారి పడుకొని చూచుట మంచిది.

తిరుగు ప్రయాణములో మిత్రుని చేతులు స్టీరింగుపై నిశ్చలముగా నుండెను. దారిలో మరల ఒక మంద ఎదురైనది. ఈసారి ఆయన త్రిప్పినంతనే, త్రిప్పినంత మేరకే బండి తిరిగినది.