చేపల మేతలో ప్రోబయాటిక్స్: ఏ చెరువుకు లాభం? ఎక్కడ డబ్బులు నీళ్లపాలు?

వికారాబాద్, తాండూరు ప్రాంతంలో చేపలంటే కోట్‌పల్లి, సర్పన్‌పల్లి లాంటి ప్రాజెక్టులు, వానకు నిండే ఊరి చెరువులే గుర్తొస్తాయి. పొలంలో సొంతంగా కుంట తవ్వి పెంచేవాళ్లది వేరే లెక్క. ‘ఈ పౌడర్ మేతలో కలిపితే చేప తొందరగా బరువెక్కుతుంది, రోగాలు రావు’ అంటూ అమ్మే ప్రోబయాటిక్ డబ్బా ఈ ఇద్దరిలో ఎవరికి పనికొస్తుంది?

ప్రోబయాటిక్ అంటే మందు కాదు. మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు. పెరుగులో ఉండే లాక్టోబాసిల్లస్ రకాలు, బాసిల్లస్ సబ్‌టిలిస్, ఈస్ట్ లాంటివి వీటిలో ఉంటాయి. పేగుల్లోకి వెళ్లి ఎంజైములు వదులుతాయి. దాంతో తవుడు, పల్లిచెక్క బాగా అరిగి, తిన్నది ఒంటికి పడుతుంది. పేగుల్లో చోటు ఇవే ఆక్రమించడంతో, పుండ్లు తెచ్చే ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియాకు నిలదొక్కుకోవడం కష్టమవుతుంది. జపాన్‌లో 1980ల్లోనే చేపల మేతలో బాసిల్లస్ కలిపి చూశారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి యాంటీబయాటిక్స్‌పై మన దేశంలో నిషేధం ఉండటంతో వీటికి గిరాకీ పెరిగింది.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. 2016-17 నుంచి సర్కారు ఉచితంగా ఇస్తున్న చేపపిల్లలను వదిలే ఊరి చెరువుల్లో సాధారణంగా ఎవరూ మేత వేయరు. బొచ్చె, రోహు నీళ్లలో దొరికిందే తిని పెరుగుతాయి. మేతే లేనప్పుడు కలిపేది దేంట్లో? అంత నీళ్లలో డబ్బా చల్లితే డబ్బులు పోయినట్టే. ఎండాకాలానికి ఎండిపోయే చెరువైతే, మత్స్య సంఘాలు ఆ ఖర్చు కాస్త పెద్ద సైజు పిల్లల మీద పెట్టడమే నయం.

రోజూ మేత వేసే సొంత కుంటలో మాత్రం పని చేసే అవకాశం ఉంది. ఉదాహరణకు 1,000 చేపలు, ఒక్కోటి 200 గ్రాములు ఉంటే మొత్తం 200 కిలోలు. బరువులో 2 శాతం లెక్కన రోజుకు 4 కిలోల మేత. డబ్బా మీద కిలో మేతకు 5 గ్రాములని ఉంటే 20 గ్రాములు చాలు. కొద్దిగా చల్లారిన గంజిలో కలిపి మేతకు పట్టించి, నీడలో ఆరబెట్టి అదే రోజు వేసేయాలి. వేడి గంజి పోస్తే చాలా సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. పర్మాంగనేట్, యాంటీబయాటిక్ వాడే రోజుల్లోనూ అంతే.

కొనేటప్పుడు ఇంకోటి చూడాలి. మేతలో కలిపేది వేరు, నీళ్లలో చల్లేది వేరు. రెండిటికీ పేరు ఒకటే కావడంతో మోసపోతుంటారు. ఏ బ్యాక్టీరియా, గ్రాముకు ఎన్ని, గడువు ఎప్పటిదాకా అన్నది లేబుల్ మీద లేకపోతే ఆ డబ్బా వదిలేయడమే మంచిది.

చేప పేను పడితే దీంతో పోదు. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే అది ఆక్సిజన్ కొరత. అప్పుడు మేత ఆపి, కొత్త నీళ్లు పెట్టాలి, లేదంటే ఏరేటర్ వేయాలి.

రెండు కుంటలున్న రైతు ఒకదాంట్లో కలిపిన మేత, రెండోదాంట్లో మామూలు మేత వేసి, 15 రోజులకోసారి వల వేసి కొన్ని చేపలను తూకం చూస్తే డబ్బా ఖర్చు తిరిగొస్తోందో లేదో తేలిపోతుంది.