మత్తు మాత్రది... మాటలు మనకు!

దురద, దద్దుర్లు, తుమ్ములు... వీటిని మన ఇళ్లలో జబ్బుల కింద జమకట్టరు. 'ఏదో పడలేదులే, ఓ మాత్ర వేసుకుని పడుకో' అనేస్తారు. ఆ మాత్ర పేరేమిటో, ఎంత మోతాదో, వేసుకున్న మర్నాడు ఒళ్లెలా ఉంటుందో అడిగేవాళ్లుండరు. ఫ్రిజ్ మీదో, హ్యాండ్‌బ్యాగ్ అరలోనో ఎలర్జీ మాత్రల షీటు లేని ఇల్లు ఈ రోజుల్లో అరుదే కదా! రెండేళ్లపాటు ఆ మాత్రలతో కాపురం చేసినదాన్ని కనుక, తెలుసుకున్న నాలుగు సంగతులు మీతో పంచుకోవాలనిపించింది.

రాత్రి మాత్ర... పగటి మగత

నేను గుంటూరులో ఓ హైస్కూల్లో లెక్కల టీచర్ని. 2019 ఆగస్టులో నాకు దద్దుర్లు మొదలయ్యాయి. సాయంత్రమయ్యేసరికి నడుం దగ్గర, తొడల మీద ఎర్రగా బిళ్లలు బిళ్లలుగా పొంగేవి. తెల్లారేసరికి మాయం. మళ్లీ సాయంత్రానికి ఇంకోచోట ప్రత్యక్షం! దగ్గర్లోని డాక్టరుగారు హైడ్రాక్సిజిన్ 25 మిల్లీగ్రాములు రోజూ రాత్రిపూట వేసుకోమని రాశారు. చెప్పినట్టే వేసుకున్నాను. దురద తగ్గింది, కంటినిండా నిద్ర పట్టింది.

చిక్కల్లా తెల్లారాకే. అలారం మోగుతున్నా లేవలేకపోయేదాన్ని. పదకొండింటిదాకా తల దిమ్ముగా, నోరు పిడచకట్టుకుపోయి ఉండేది. బోర్డు మీద లెక్క మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయేదాన్ని. స్కూటీ మీద వెళుతుంటే సిగ్నల్ దగ్గర కళ్లు మూతలు పడేవి.

"ఏమిటమ్మాయ్ ఈ నిద్ర? నలుగురు పిల్లల్ని పెంచినా నేనింత పొద్దెక్కి లేచి ఎరగను" అనేవారు మా అత్తగారు. "అంత కష్టంగా ఉంటే ఉద్యోగం మానెయ్యరాదూ?" అన్నారు మావారు. స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్ గారు, "ఈమధ్య మీలో మునుపటి హుషారు లేదు మేడమ్" అన్నారు. పద్నాలుగేళ్ల సర్వీసులో అలాంటి మాట పడటం అదే మొదటిసారి. దద్దుర్లకన్నా ఆ మాటే ఎక్కువ మంట పుట్టించింది.

డాక్టరుగారికి చెబితే, "దురద తగ్గింది కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నారు. నాకు కావలసింది దురద తగ్గడం ఒక్కటే కాదు. పాఠం చెప్పగలగాలి, బండి నడపగలగాలి.

నోటు పుస్తకం చెప్పిన నిజం

లెక్కల టీచర్ని కదా, లెక్క రాయడం మొదలుపెట్టాను. మాత్ర ఎన్నింటికి వేసుకున్నాను, ఎంత మోతాదు, ఎన్ని దద్దుర్లు వచ్చాయి, మగత ఎప్పటిదాకా ఉంది... మూడు వారాలు రాశాను. పడుకునేముందు కాకుండా రాత్రి ఏడింటికే వేసుకున్న రోజున మగత కాస్త ముందుగా వదిలేది. అంతే తప్ప పూర్తిగా పోయిన రోజంటూ లేదు. అంటే బద్ధకం నాది కాదు, మత్తు మాత్రది!

ఆ పుస్తకం పట్టుకుని విజయవాడలో ఓ చర్మవ్యాధుల నిపుణురాలి దగ్గరికి వెళ్లాను. ఆవిడ పేజీలు తిప్పి చూసి, "ఇది తెచ్చి మంచిపని చేశారమ్మా" అంటూ విషయం విడమరిచి చెప్పారు.

మన ఒంట్లో కొన్ని కణాల నుంచి హిస్టమిన్ అనే పదార్థం విడుదలైనప్పుడు దురద, వాపు, తుమ్ములు, ముక్కు కారడం వస్తాయి. దాన్ని పనిచేయకుండా అడ్డుకునేవే ఈ యాంటీ హిస్టమిన్లు. కానీ అదే హిస్టమిన్ మెదడులో మనల్ని మెలకువగా ఉంచుతుంది. ఫెనిరమైన్, క్లోర్‌ఫెనిరమైన్, హైడ్రాక్సిజిన్ లాంటి పాతతరం మందులు మెదడులోకీ వెళ్లి అక్కడా అడ్డుపడతాయి. అందుకే మగత. నోరెండిపోవడం, మలబద్ధకం, చూపు మసకబారడం, మూత్రం సరిగా రాకపోవడం కూడా వీటితో రావచ్చు. మత్తుగా ఉన్నట్టు మనకి అనిపించకపోయినా చురుకుదనం తగ్గుతుందట. బండి నడిపేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

కొత్తతరం మందులు మెదడులోకి తక్కువగా వెళతాయి. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, లోరటడీన్, ఫెక్సోఫెనడీన్, బైలాస్టిన్ ఈ కోవలోవి. నేను వేసుకున్న హైడ్రాక్సిజిన్ ఒంట్లో మార్పు చెందినప్పుడు తయారయ్యేదే సెట్రిజిన్ అని విని ఆశ్చర్యపోయాను! కొత్తతరంలోదే అయినా సెట్రిజిన్ కొందరికి నిద్ర తెప్పిస్తుంది. ఆ కొందరిలో నేనూ ఉన్నాను. పది మిల్లీగ్రాముల మాత్ర పదిరోజులు వాడినా మధ్యాహ్నం కునుకుపాట్లు తప్పలేదు.

అప్పుడు ఫెక్సోఫెనడీన్ 180 మిల్లీగ్రాములకు మార్చారు. "నీళ్లతోనే వేసుకోండి. బత్తాయి, ఆపిల్ లాంటి పళ్లరసాలతో వద్దు, మందు ఒంటికి సరిగా పట్టదు. గ్యాస్‌కి వాడే యాంటాసిడ్ కూడా దాంతోపాటు వద్దు" అని ముందే హెచ్చరించారు. మగత పోయింది. కానీ దద్దుర్లు సగమే తగ్గాయి. రెండు వారాలు చూసి, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి చేశారు. ఆరు వారాలకు మించి వేధించే దద్దుర్లకు ఒక మోతాదు చాలకపోతే, కొత్తతరం మందుని నాలుగు రెట్ల వరకూ పెంచవచ్చని అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయితే అది డాక్టరు చూసి చేయవలసిన పని. మూత్రపిండాల జబ్బున్నవాళ్లకి సెట్రిజిన్ లాంటివి పెంచడం అటుంచి, తగ్గించి ఇవ్వాలి. ఒకప్పుడు వాడిన టెర్ఫెనడీన్, ఆస్టెమిజోల్ మోతాదు మించినా, కొన్ని ఇతర మందులతో కలిసినా గుండె లయ దెబ్బతీశాయి. అందుకే అమెరికాలో 1998, 1999లలో అవి మార్కెట్ నుంచి పోయాయి.

ఇంకో సంగతి! అప్పటిదాకా మా ఇంట్లో నాకు వంకాయ, గోంగూర, గుడ్డు అన్నీ బంద్. దీర్ఘకాలపు దద్దుర్లకు తిండి కారణం కావడం అరుదని చెప్పి, థైరాయిడ్ పరీక్ష చేయించి, ఆ పథ్యాలన్నీ తీయించేశారావిడ. గోంగూర పచ్చడి మళ్లీ కంచంలోకి వచ్చిన రోజు పండగే అనుకోండి!

అత్తగారికీ తప్పలేదు

2020 జనవరిలో మా అత్తగారికి జలుబు చేసింది. అప్పటికి ఆవిడకు 71 ఏళ్లు. మావారు మెడికల్ షాపులో చెబితే ఓ మాత్ర, ఓ దగ్గు సిరప్ ఇచ్చారు. రెండోరోజుకి ఆవిడ పగలూ రాత్రీ తేడా తెలియనట్టు మాట్లాడసాగారు. ఆ రాత్రి బాత్‌రూమ్ దగ్గర తూలి పడ్డారు. ఎముక విరగలేదు, అదృష్టం. షీటు, సీసా పక్కపక్కన పెట్టి చదివితే రెండింట్లోనూ క్లోర్‌ఫెనిరమైన్ ఉంది! పేర్లు వేరు, లోపలి మందు ఒకటే. డాక్టరు సలహాతో రెండూ ఆపేశాక మూడోనాటికి మామూలు మనిషయ్యారు. "ఆ మాత్రతో నీకూ ఇలాగే ఉండేదా అమ్మాయ్?" అని నెమ్మదిగా అడిగారు. ఆ తర్వాత నా నిద్ర గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

2021 చివరికి నా దద్దుర్లు పూర్తిగా తగ్గాయి. మాత్రలు కూడా ఒక్కసారిగా కాక, డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చి ఆపాను. ఉద్యోగం మానలేదు. ఇప్పటికీ మొదటి పీరియడ్ నాదే!

మీరూ గుర్తుంచుకోండి

* షీటు మీద కంపెనీ పెట్టిన పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి. జలుబు మాత్ర, దగ్గు సిరప్, ఎలర్జీ మాత్రల్లో ఒకటే మందు ఉండవచ్చు.

* క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద ముద్రించాలని మన దేశ ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో ఆదేశించారు. పిల్లలు నిద్రపోతారని ఇలాంటి సిరప్‌లు పట్టడం ప్రమాదం. మోతాదు వంటింటి చెంచాతో కాదు, సీసాతో వచ్చే కొలత మూతతోనే పోయండి.

* పెళ్లిచూపుల ముందు అమ్మాయి కాస్త ఒళ్లు చేయాలని కొందరు ఆకలి పుట్టించే టానిక్‌లు తాగిస్తారు. వాటిలో చాలావాటిలో ఉండే సైప్రోహెప్టడీన్ కూడా పాతతరం యాంటీ హిస్టమినే. మగత ఖాయం.

* గర్భిణులు, పాలిచ్చే తల్లులు, నీటికాసులు లేదా ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్లు, పెద్దవయసువాళ్లు డాక్టరుని అడగకుండా వేసుకోవద్దు.

* సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ నెలల తరబడి రోజూ వాడి ఆపేసినప్పుడు, అరుదుగా కొందరిలో తీవ్రమైన దురద వస్తోందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 మేలో హెచ్చరించింది. 'జబ్బు తిరగబెట్టింది' అని మీకు మీరే తేల్చుకోకుండా డాక్టరుకి చెప్పండి.

* ఎలర్జీ పరీక్ష చేయించుకోవాలంటే ఈ మాత్రలు కొద్దిరోజుల ముందే ఆపాలి. ఎన్నిరోజులో ముందుగా కనుక్కోండి.

* దద్దుర్లతోపాటు నాలుక, గొంతు వాచినా, ఊపిరాడకపోయినా, కళ్లు తిరిగినా మాత్రతో కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. అప్పుడు కావలసింది ఎడ్రినలిన్ ఇంజెక్షన్.

అన్నిటికన్నా ముఖ్యం, 'మాత్ర వేసుకున్నాక నాకిలా ఉంటోంది' అని డాక్టరుతో గట్టిగా చెప్పడం. ఒకటి పడకపోతే ఇంకొకటి ఉంది, మోతాదు మార్చే వీలూ ఉంది. మీ ఇంట్లో ఏ ఆడమనిషైనా పట్టపగలు కునికిపాట్లు పడుతుంటే, బద్ధకమని ముద్ర వేసేముందు ఆమె వేసుకుంటున్న మాత్రల షీటు ఒకసారి తిరగేసి చూడండి!