బండి ఆగే ముందే చెబుతుంది: డ్రైవరన్నలు ఇంటి దగ్గరే చూసుకోవాల్సిన పనులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆటో, ట్యాక్సీ, మ్యాక్సీ క్యాబ్ నడుపుకుంటున్న లబ్ధిదారుల కోసం.

"ఆటో డ్రైవర్ల సేవలో" పథకం 2025 అక్టోబరు 4న మొదలైంది. సొంత బండి నడుపుకుని బతికేవారి ఖాతాలో ఏడాదికి రూ.15,000 నేరుగా పడుతుంది. తొలి ఏడాది రాష్ట్రంలో సుమారు 2.90 లక్షల మందికి ఈ సాయం అందింది. ఆ డబ్బు ఎందుకు ఇస్తున్నారో మీకు తెలుసు. మరి అది మీ చేతిలో ఎంతకాలం నిలుస్తుంది? అది చాలావరకు మీ బండి మీదే ఆధారపడి ఉంటుంది.

"నిన్నటివరకు బాగానే ఉంది బాబూ, ఇవాళ పొద్దున్న ఆగిపోయింది" అని చాలామంది డ్రైవర్లు చెబుతుంటారు. నిజానికి బండి ఒక్క రోజులో పాడవదు. వాసన, చప్పుడు, పొగ, కింద పడిన నాలుగు చుక్కలు... ఇలా ఏదో ఒక రూపంలో ముందే చెబుతుంది. మనం వినిపించుకోం. వందల్లో తేలిపోయే పని వేలకు చేరుతుంది. బండి షెడ్డులో ఉన్నన్ని రోజులు ఇంట్లో పొయ్యి కూడా ఇబ్బందే.

ఈ కాగితాన్ని ఫోన్‌లో దాచుకోండి. మీ స్టాండులో ఉన్నవాళ్లకూ పంపండి.

పొద్దున్నే పది నిమిషాలు

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, బండిని చదునైన చోట నిలిపి, ఈ ఆరూ చూడండి.

1. బండి కింద నేల. రాత్రి బండి నిలిపిన చోట మరకలు ఉన్నాయా? నల్లగా, జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉంటే కూలెంట్. చక్రాల దగ్గర పల్చగా, జారుడుగా ఉంటే బ్రేక్ ఆయిల్ కావచ్చు. అలా కనిపిస్తే ఆ రోజు బండి తియ్యకండి. ఏసీ వేసి నడిపిన కారు కింద మంచినీళ్లలాంటి నీరు కనిపిస్తే భయం లేదు.

2. ఇంజిన్ ఆయిల్. ఆయిల్ కడ్డీని బయటకు తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా లోపలికి పెట్టి తీసి చూడండి. రెండు గుర్తుల మధ్య ఉండాలి. కింది గుర్తు కన్నా తగ్గితే కంపెనీ పుస్తకంలో చెప్పిన గ్రేడ్ ఆయిలే పొయ్యండి. పై గుర్తు దాటించినా నష్టమే. ఆయిల్ పాల టీ రంగులోకి మారితే అందులో నీళ్లు కలిశాయని అర్థం. బండి స్టార్ట్ చెయ్యకుండా మెకానిక్‌ను పిలవండి.

3. కూలెంట్. రేడియేటర్ ఉన్న బండ్లకు పక్కనే ఒక తెల్లటి డబ్బా ఉంటుంది. దాని మీద రెండు గీతలు ఉంటాయి. మట్టం వాటి మధ్య ఉందో లేదో బయట నుంచే చూడొచ్చు. మన తీరప్రాంతంలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో సున్నంలా పేరుకుని దారి మూసుకుపోతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడండి. రేడియేటర్ లేని ఆటోలైతే ఇంజిన్ చుట్టూ ఉండే రెక్కల మధ్య మట్టి, చెత్త లేకుండా చూసుకుంటే చాలు.

4. బ్రేక్ ఆయిల్. దీని డబ్బా మీద కూడా గీతలు ఉంటాయి. మట్టం తగ్గిందంటే రెండే కారణాలు: ప్యాడ్లు, లైనర్లు అరిగాయి, లేదా ఎక్కడో కారుతోంది. ఊరికే నింపేసి మర్చిపోతే ప్రమాదం. మూత మీద డాట్ 3, డాట్ 4 అని ఏది రాసి ఉంటే అదే పొయ్యాలి. పొరపాటున కూడా ఇంజిన్ ఆయిల్ పొయ్యకండి, లోపలి రబ్బర్లు ఉబ్బి బ్రేకులు పూర్తిగా పోతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. మామూలుగా రెండేళ్లకోసారి మార్పించాలి.

5. టైర్లు. గాలి ఎంత ఉండాలో కార్లకు డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. చిన్న కార్లకు ఎక్కువగా 30 నుంచి 35 మధ్య ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే చూపించాలి. స్టెప్నీలో కూడా గాలి చూసుకోండి. పంచరైన రోజున తీసిన స్టెప్నీలోనూ గాలి లేకపోతే చేసేదేమీ ఉండదు.

6. లైట్లు, హారన్, వైపర్లు. వెనక బ్రేక్ లైటు వెలుగుతోందో లేదో మీకు కనిపించదు. ఇంట్లో పిల్లాడిని వెనక నిలబెట్టి చూడమనండి.

టైరు చెప్పే మాట

టైరు రెండు అంచులూ అరిగితే గాలి తక్కువగా పెట్టి తిప్పుతున్నారన్నమాట. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువైంది. ఒక పక్కే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది. అలైన్‌మెంట్ సరిచెయ్యకుండా కొత్త టైరు వేస్తే అదీ అలాగే పోతుంది.

గాడుల మధ్య అడ్డంగా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. టైరు అరిగి ఆ గట్ల మట్టానికి వస్తే మార్చే సమయం వచ్చినట్టే. కారు టైరులో గాడి లోతు కనీసం 1.6 మి.మీ., ఆటో టైరులో 0.8 మి.మీ. ఉండాలన్నది నిబంధన. టైరు పక్కన నాలుగంకెలు కూడా చూడండి. 2323 అని ఉంటే 2023లో 23వ వారంలో తయారైందని అర్థం. తక్కువ ధరకు పాత టైరు అంటగడుతున్నారేమో దీంతో తెలిసిపోతుంది.

బండి మొరాయిస్తే

సెల్ఫ్ కొడితే "టక్ టక్" మంటోంది, ఇంజిన్ తిరగడం లేదు: బ్యాటరీ దిగిపోయింది, లేదా టెర్మినల్ వదులైంది. ఉప్పుగాలికి టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటుంది. ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్ వైరు విప్పండి. వేడి నీళ్లలో కొంచెం తినే సోడా కలిపి, పాత బ్రష్‌తో తోమి, ఆరాక ముందు ప్లస్, చివర మైనస్ బిగించండి. పైన కొంచెం వాసెలిన్ రాయండి. చాలాసార్లు సమస్య ఇక్కడితో తీరిపోతుంది.

ఇంజిన్ తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు: ముందు ఇంధనం ఉందో లేదో చూడండి. తర్వాత ఎయిర్ ఫిల్టర్. పెట్రోలు బండైతే స్పార్క్ ప్లగ్. ఇవి బాగానే ఉంటే షెడ్డుకు ఫోన్ చెయ్యండి. ఆగకుండా సెల్ఫ్ కొడితే ఉన్న బ్యాటరీ కూడా పోతుంది.

హీట్ ముల్లు పైకి పోతోంది: ఏసీ కట్టేసి, పక్కకు తీసి, ఇంజిన్ ఆపండి. రేడియేటర్ మూత వెంటనే తియ్యకండి. లోపల ఒత్తిడి మీద ఉన్న నీళ్లు ఒక్కసారిగా మొహం మీదికి ఎగజిమ్ముతాయి. కనీసం అరగంట చల్లారనిచ్చి, అప్పుడు డబ్బాలో మట్టం చూడండి. నీళ్లు నింపినా మళ్లీ మళ్లీ తగ్గుతుంటే ఎక్కడో కారుతోంది. అలాగే నడిపితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. అప్పుడు మీకు అందిన సాయం మొత్తం అక్కడే అయిపోవచ్చు.

పొగ రంగు మారింది: నల్లగా వస్తే ఇంధనం సరిగ్గా మండడం లేదు, ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ మండుతోంది. దట్టంగా తెల్లగా వస్తూ, కూలెంట్ కూడా తగ్గుతుంటే ఇంజిన్‌లోకి నీళ్లు పోతున్నాయి. చలికాలం పొద్దున్న కాసేపు వచ్చే పల్చని తెల్లపొగ మామూలే.

మీటరు బోర్డు మీద లైటు వెలిగింది: ఎర్ర లైటు అయితే ఆపండి. పసుపు లైటు అయితే బేగి చూపించండి. ముఖ్యంగా ఆయిల్ డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే ఇంకో కిలోమీటరు పోదాం అనుకోకండి. అక్కడే ఇంజిన్ ఆపండి.

బ్రేకుల విషయంలో బేరం వద్దు

ఈ కాగితంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి. మీ బండిలో మీరొక్కరే ఉండరు. బడిపిల్లలుంటారు, ఆసుపత్రికి బయలుదేరిన గర్భిణి ఉంటుంది, సంతకు పోయే ముసలమ్మ ఉంటుంది.

బ్రేకు వేస్తే కీచుమంటే ప్యాడ్లు అరిగే దశకు వచ్చాయి. గరగరమంటే ఇనుముకు ఇనుము రాసుకుంటోంది, ఆ రోజే మార్పించాలి. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతే, రెండు మూడుసార్లు తొక్కితే గానీ పట్టకపోతే, బండి కదపకూడదు. బ్రేకు వేసినప్పుడు ఒక పక్కకు లాగుతున్నా నిర్లక్ష్యం చెయ్యకండి.

ఎస్.కోట నుంచి అరకు ఘాట్ ఎక్కేవారు, సాలూరు మీదుగా కొరాపుట్ పోయేవారు, సీతంపేట కొండదారుల్లో తిరిగేవారు దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి. న్యూట్రల్‌లో వదిలితే డీజిలు మిగులుతుందనుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. బ్రేకు అదేపనిగా తొక్కితే వేడెక్కి పట్టు వదిలేస్తుంది. కాలిన వాసన వస్తే పక్కకు తీసి చల్లారనివ్వండి.

తుపాను, వరద రోజుల్లో

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. అక్టోబరు వస్తే మన రెండు జిల్లాలూ ఆకాశం వైపు చూస్తూ ఉంటాయి. హెచ్చరిక రాగానే బండిని చెట్టు కింద, పాత గోడ పక్కన కాకుండా మెరక మీద పెట్టండి. నాగావళి, వంశధార ఒడ్డు ఊళ్లవారు మరీ జాగ్రత్త.

వరద నీళ్లు బండిలోకి వస్తే, నీళ్లు తగ్గాక స్టార్ట్ చేసి చూద్దామని తాళం తిప్పకండి. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇంజిన్ మొత్తం పోతుంది. బ్యాటరీ మైనస్ వైరు తీసేసి, ఫొటోలు తీసి, బండిని లాగించుకుని షెడ్డుకు చేర్చండి. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే మీ బండికి జరిగిన వరద నష్టం రాదు, ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటేనే వస్తుంది. అందులో కూడా, నీళ్లు దూరిన ఇంజిన్‌ను స్టార్ట్ చెయ్యడం వల్ల వచ్చిన నష్టాన్ని ప్రత్యేక కవర్ లేకపోతే చాలా పాలసీలు ఇవ్వవు.

కళింగపట్నం, భావనపాడు, బారువ, చింతపల్లి లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగే బండ్లను వారానికోసారి కింద భాగం కూడా మంచినీళ్లతో కడగండి. తుప్పు కింద నుంచే మొదలవుతుంది.

ఇంట్లో చెయ్యకూడనివి

- జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరకండి. స్టాండు పెట్టాలి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టాలి.
- సీఎన్‌జీ, ఎల్‌పీజీ వాసన వస్తే వాల్వు కట్టేసి, అందరినీ దింపి, దూరంగా నిలబడండి. ఆ పని తెలిసినవాళ్లే చెయ్యాలి. సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి పరీక్ష తప్పనిసరి.
- బ్రేకు, స్టీరింగ్ పనులు మెకానిక్‌కే వదిలెయ్యండి. అయితే మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి.

రూ.15,000 ఏ వరసలో ఖర్చు పెట్టాలి?

మొదట బీమా. అది లేకుండా పట్టుబడితే మొదటిసారి రూ.2,000 జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఇక ప్రమాదం జరిగితే ఎదుటివారి నష్టపరిహారం మీ ఇల్లూ పొలమూ అమ్మినా తీరకపోవచ్చు. రెండోది ఎఫ్‌సీ: బండి వయసు 8 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. దాంతోపాటు పొల్యూషన్ సర్టిఫికెట్: బీఎస్-4, బీఎస్-6 బండ్లకు ఏడాది, పాతవాటికి ఆరు నెలలు. మూడోది బ్రేకులు, టైర్లు. నాలుగోది ఆయిల్, ఫిల్టర్లు. సీటు కవర్లు, పాటల పెట్టె, రంగులు ఆ తర్వాతే.

ఒక చిన్న నోటు పుస్తకం బండిలో పెట్టుకోండి. ఆయిల్ మార్చిన తేదీ, కిలోమీటర్లు, వేసిన సామాను, ఇచ్చిన డబ్బు రాయండి. బీమా, ఎఫ్‌సీ గడువులు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉండాలి. రథసప్తమికి అరసవల్లి, సిరిమానోత్సవానికి విజయనగరం గిరాకీ బాగా ఉండే రోజులు. వాటికి వారం ముందే బండిని ఒకసారి పూర్తిగా చూపించుకుంటే ఆ రోజు స్టాండులో మీ బండి నిలబడిపోదు.

జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033కు, ఎవరికైనా దెబ్బ తగిలితే 108కు ఫోన్ చెయ్యండి. పథకం డబ్బు పడకపోయినా, పేరులోనో ఖాతాలోనో తప్పు ఉన్నా ఆధార్, ఆర్‌సీ, లైసెన్సు, బ్యాంకు పుస్తకం తీసుకుని మీ గ్రామ లేదా వార్డు సచివాలయానికి వెళ్లండి.

రేపు పొద్దున్న తాళం తిప్పే ముందు ఒక్కసారి వంగి బండి కింద చూడండి. అక్కడి నుంచే మొదలుపెట్టండి.